బంకర్ ఎక్కడ అయిపోతుంది?

ఈ ఉదయం తనకల్లు దగ్గర మా బావ బీడు చేనులో ఇద్దరం గోల్ఫ్ ఆడాం. ఆయన బెంగళూరులో నేర్చుకొచ్చిన ఆట. చివరి గుంత దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం సమానం. సరిగ్గా అప్పుడే నా బంతి బంకర్‌లో, అంటే ఆయన ఏటి ఇసుక పోయించిన పల్లంలో, తుమ్మమొక్క మొదట్లో ఇరుక్కుంది. కొట్టే వీల్లేదు.

"బంతి తీసి బంకర్ లోపలే ఇంకోచోట వేసుకుంటే ఒక దెబ్బ జరిమానా. బయటికి తీస్తే రెండు," అన్నాడు బావ, కర్ర బిగించి పట్టుకుని.

"బయట అంటే యాడ బావా? గాలికి ఇసక చేనంతా పరుచుకోనుండాది కదా!"

బావ కర్రతో చేను వైపు చూపించాడు.

"వాన పడినాక గడ్డి యాడ మొలుస్తాదో, ఆడప్పా బయట."

రూల్సు పుస్తకంలో లేని మాటే. ఆట అక్కడికే ఆపి ఇంటికొచ్చేశాం. బంతి ఇంకా అక్కడే ఉంది. మీ వైపైనా వాన పడిందా?