సింహాచలం అంకుల్ కలిపిన పట్టాలు

నిన్న మధ్యాహ్నం యూ టీ పేటలో మా ఫ్లాటు ముందున్న కారిడార్లో బట్టలు తీస్తూ ఇనుప కటకటాల మీద చెయ్యి ఆనించాను. చుర్రుమంది. ఎవరైనా అయితే చెయ్యి లాక్కుంటారు. నేను మాత్రం అలాగే ఉంచి, పొద్దుటికీ ఇప్పటికీ ఈ ఇనుము ఎంత సాగి ఉంటుందా అని ఆలోచిస్తూ నిలబడ్డాను. లోపలి నుంచి మా అమ్మాయి "అమ్మా, వాట్ ఆర్ యు డూయింగ్ లా" అని ఇక్కడి ఇంగ్లీషు యాసలో అరిచే దాకా అదే ధ్యాస. ఈ పిచ్చి నాకు అంటించింది సింహాచలం అంకుల్. ఆయన్ని ఎరగనివాళ్ళకు ఆయన గురించి చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. మొదలుపెడితే నా తప్పు కూడా చెప్పాల్సి వస్తుంది, అందుకే వాయిదా వేస్తూ వచ్చాను.

ఆయన తాత విశాఖపట్నంలో ఓడెక్కి, సముద్రం దాటి ఈ దేశానికి వచ్చి రైలు పట్టాల పనిలో చేరాడట. తర్వాత తండ్రి, ఆ తర్వాత ఈయన, ముగ్గురూ అదే లైనులో బతికారు. అంకుల్ పట్టాలు చూసే గ్యాంగుకు మేస్త్రీ. రైళ్ళు ఆగిపోయి, పట్టాలు పీకేసి, ఆ దారిని జనం నడిచే బాటగా మార్చాక ఆంగ్ మో కియో పేటలో తన ఫ్లాటులో విశ్రాంతిగా ఉండేవారు. ఒక పాత చిన్న స్టేషను దగ్గర కొంత లైను, కాస్త దూరంలో ఇనుప వంతెన మీద ఇంకొంత లైను గుర్తుగా మిగిలాయి. రెంటి మధ్యా నాలుగు పట్టాల పొడవున వట్టి కంకర. ఆ ఖాళీలో మళ్ళీ పాత పట్టాలే వేసి రెండు ముక్కల్నీ కలపాలన్నది మా కంపెనీకి వచ్చిన పని. నేను సైట్ ఇంజనీర్ని. డెబ్భై దాటిన అంకుల్‌ని సలహాదారుగా పిలిచారు.

మొదటి రోజు నేను లేజర్ పరికరంతో వెళితే, ఆయన గొడుగూ, ప్లాస్టిక్ సంచిలో ఒక చిన్న సుత్తీ పట్టుకుని వచ్చారు. ఏ ఊరని అడిగారు. కాకినాడ అన్నాను. తమది విశాఖపట్నం వైపని ఇంట్లో చెప్పుకునేవారు గానీ తానెప్పుడూ చూడలేదన్నారు. తర్వాత స్టేషను దగ్గరి లైను వెంట నడుస్తూ, ప్రతి అతుకు దగ్గరా వంగి సుత్తితో తట్టి, చెవి పెట్టి విన్నారు. నాకు లోలోపల నవ్వొచ్చింది. ఆయన సుద్దతో గుర్తు పెట్టిన మూడు బోల్టులూ నా తనిఖీ కాగితంలో బాగున్నట్టే ఉన్నాయి. విప్పి చూస్తే మూడింటికీ మరలు అరిగిపోయి ఉన్నాయి. ఆ రోజుతో నవ్వడం మానేశాను. వాదించడం మాత్రం మానలేదు. ఎందుకంటే ఆయనలో నాకు ఒళ్ళు మండే గుణం ఒకటుంది. ఏ పనికీ కారణం చెప్పరు. ఎందుకు అంకుల్ అని అడిగితే "సెప్పింది సెయ్యమ్మాయ్" అనేసి వెళ్ళిపోతారు. డిగ్రీ చదువుకున్నదాన్ని, నాకు ఉడుకుమోత్తనం రాదూ?

పాత పట్టాలు సరిగ్గా సరిపోయేన్ని మాత్రమే దొరికాయి. అన్నీ వేయగా కుడివైపు ఆఖరి పట్టా ఒక్కటి మిగిలింది. దాన్ని కొలతకు కోసి ఖాళీలో కూర్చోబెడితే పని పూర్తయినట్టే. అది పాడైతే ఇంకొకటి లేదు. ఆ లైను మీది ఇనుమే వాడాలి, కొత్తది పెట్టకూడదని ముందే షరతు. తనిఖీ రోజుకు పూర్తి కాకపోతే ఖాళీలో మళ్ళీ కంకర పోసి, ఇక్కడ ఒకప్పుడు లైను ఉండేదని బోర్డు పెట్టేస్తారు. ఒకసారి తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో టీ తాగుతూ అంకుల్ అన్నారు, తాతా తండ్రీ తానూ కాలినడకన తిరిగిన దారి అది, మధ్యలో అలా తెగిపోయి కనిపిస్తే అటువైపు వెళ్ళబుద్ధి కాదని. పోయేలోగా ఒక్కసారి దాన్ని కలిపి చూడాలని ఆయన కోరిక.

గుండె పరీక్షకు ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజున, తాను వచ్చేదాకా ఆఖరి పట్టా కొయ్యొద్దని చెప్పి వెళ్ళారు. ఎందుకో చెప్పలేదు. తనిఖీకి నాలుగే రోజులున్నాయి. మేనేజరు ఫోన్ మీద ఫోన్. తువాస్ వైపు కూలీల డార్మిటరీ నుంచి లారీలో వచ్చిన పనివాళ్ళు చేతులు కట్టుకు కూర్చున్నారు. ఎటూ రైలు నడవదు, ఈ మాత్రానికి ఆయన కోసం ఆగాలా అనుకున్నాను. మిట్టమధ్యాహ్నం రెండింటికి టేపు పట్టి ఖాళీ కొలిచి, పట్టా కోయించి, బోల్టులకు రంధ్రాలు కూడా వేయించాను. కూర్చోబెడితే సరిగ్గా అమరింది. బోల్టులు రేపు బిగిద్దామని అందరం సంతోషంగా ఇళ్ళకు వెళ్ళాం.

పొద్దున ఏడింటికి వచ్చి చూస్తే పట్టాకీ పక్కదానికీ మధ్య బొటనవేలు దూరేంత సందు ఉంది. రెండు పట్టాలనూ కలిపి పట్టే ఇనుప పలక పెడితే రంధ్రాలు కలవడం లేదు. అంకుల్ వచ్చారు, వంగి సందులో వేలు పెట్టి చూశారు, పట్టా మీదే కూర్చుండిపోయారు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. మేనేజరు వచ్చి ఇక కంకరే గతి అన్నాడు. అంకుల్ మూడు రోజులు అడిగారు. మేనేజరు విసుక్కుంటూనే సరేనన్నాడు.

మేనేజరు వెళ్ళాక నేను తప్పు టేపు మీదికి నెట్టబోయాను. అంకుల్ అది పట్టించుకోకుండా, తమ గ్యాంగులో ఒక అలవాటు ఉండేదని చెప్పారు. పొద్దున్నే ఎవరూ సుత్తి ఎత్తకముందు, నిన్న తప్పు చేసినవాడు అందరి ముందూ నిలబడి చెప్పేవాడు. చెప్పాక ఇక ఆ మాట ఎవరూ ఎత్తకూడదు. దాచిపెడితే దాని మీదుగా జనంతో బండి వెళుతుంది మరి. ఇప్పుడు బండి లేకపోయినా అలవాటు అలవాటే అన్నారు. పదిమంది మగవాళ్ళ ముందు, నా కింద పనిచేసేవాళ్ళ ముందు ఎలా చెప్పడం?

ఆయన లేచి పనివాళ్ళందరినీ పిలిచారు. నా వంతు అనుకుంటే, తానే ముందు నిలబడ్డారు. మలయ్, తమిళం కలగలిపి వాళ్ళకు ఏదో చెప్పి, నా వైపు తిరిగి తెలుగులో అన్నారు.

"నిన్న తప్పు నాదమ్మాయ్. కొయ్యొద్దని సెప్పేను గానీ, ఎందుకు కొయ్యకూడదో సెప్పనేదు. ఎండలో ఇనుము సాగి ఉంటాది, ఖాళీ తక్కువ కనిపిస్తాది. పొద్దునా, మజ్జానం, సాయంత్రం మూడుసార్లు కొలవాల. ఇన్నాళ్ళూ నా వాళ్ళెవరికీ కారణం సెప్పనేదు. అదే తప్పు."

కొలిచిందీ కోయించిందీ నేను, తప్పు ముందు ఒప్పుకున్నది ఆయన. అప్పుడిక నోరు దానంతట అదే తెరుచుకుంది. ఆయన ఆగమన్నా ఆగలేదని, రైలు రాదు కదా అని నిర్లక్ష్యం చేశానని వచ్చీరాని తమిళంలో చెప్పాను. అంకుల్ తలూపి, "రైలు రాదు గానీ ఎండ రోజూ వస్తాది కదా" అన్నారు. అందరూ పలుగులు అందుకున్నారు.

ఆయన ఉపాయం ఇది. లోటంతా ఒకే అతుకు దగ్గర ఉంటే ఏ పలకా పట్టదు. దాన్ని స్టేషను వైపున్న అతుకులన్నిటికీ పంచేస్తే, ఒక్కోదానికి రూపాయి బిళ్ళ మందం కూడా పడదు. అంటే ఏళ్ళుగా కదలని పట్టాలను ఒక్కొక్కటిగా వదులు చేసి, రవంత రవంత ముందుకు లాగాలి. తుప్పుపట్టిన బోల్టులకు నూనె పోశాం. కొన్నిటిని విప్పడానికే గంట పట్టింది. అంకుల్ ప్రతి అతుకు దగ్గరా గొడుగు వేసుకుని కూర్చుని, ఇప్పుడెందుకు ఆపాలో, ఇప్పుడెందుకు లాగాలో అడక్కుండానే నాకు చెప్పేవారు. చెప్పడం అలవాటు లేని మనిషి, మాట కోసం వెతుక్కోవడం కనిపించేది. మూడో రోజు పొద్దున రంధ్రాలు కలిశాయి. ఆఖరి బోల్టు నా చేత బిగింపజేశారు. మధ్యాహ్నం దాకా ఉండి, ఎండలో అతుకులు మూసుకోవడం చూసి, సాయంత్రం మళ్ళీ తెరుచుకోవడం చూసి, అప్పుడు స్టేషను నుంచి వంతెన దాకా మెల్లగా నడిచి వెళ్ళారు. నేను వెంట వెళ్ళలేదు. అది ఆయన నడక.

మర్నాటి తనిఖీలో లైను గట్టెక్కింది. ఆ మరుసటి ఏడు అంకుల్ పోయారు. నేనిప్పుడు తువాస్‌లో ఒక పెద్ద సైటు చూస్తున్నాను. రోజూ పొద్దున పని మొదలుపెట్టే ముందు మీటింగులో నిన్నటి నా తప్పు ముందు నేను చెబుతాను. కొత్తగా వచ్చినవాళ్ళు మొదట్లో వింతగా చూస్తారు, తర్వాత ఎవరో ఒకరు గొంతు సవరించుకుని తమది చెబుతారు. పోయిన వారం నేను తప్పు డ్రాయింగు పంపడం వల్ల ఒక గోడ పగలగొట్టాల్సి వచ్చింది. ఇన్నేళ్ళయినా అది చెప్పడం తేలిక కాలేదు. చెప్పాను. ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పనిలోకి దిగాం.