అందరూ జేసీబీ అన్నారు, నేనొక్కడినే చిన్న ట్రాక్టర్ అన్నాను

మొన్న ఆదివారం పొద్దున నేను వాకిట్లో మంచం మీద కూర్చుని చాయ తాగుతుండగా కోరుట్ల నుంచి మా అల్లుడు ఫోన్ చేశాడు. చేతిలో ఉన్నదాంతో ఏదో ఒక బండే వస్తుందట, చిన్న ట్రాక్టర్ తీసుకోవాలా, మట్టి తవ్వే జేసీబీ తీసుకోవాలా తేల్చుకోలేకపోతున్నాడట. “మామా, నువ్వు రెండిట్ల అనుభవం ఉన్నోనివి. నువ్వు ఏది చెప్తె గదే తీసుకుంట” అన్నాడు. ఆలోచించి చెప్తానని గంభీరంగా ఫోన్ పెట్టేసి పక్కకు చూస్తే, చిక్కుడుకాయలు తుంచుతున్న నా భార్య కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. ఆ నవ్వు ఎందుకో అల్లుడికి తెలియదు, మా బిడ్డకు కూడా సగమే తెలుసు. నా ఈడు వాళ్లు, అందులోనూ ఎడారి దేశాలకు పోయి వచ్చిన వాళ్లు చదువుతారన్న ధైర్యంతో ఇవాళ మొత్తం చెప్పేస్తున్నాను.

మాది కథలాపూర్ దగ్గర ఒక పల్లె. మా బాపు, అంటే మా నాన్న, తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. నాకూ నడుముకు మోకు కట్టి నేర్పాలని చూశాడు గానీ, సగం చెట్టు దాటితే నాకు కళ్లు తిరిగేవి, దిగమంటే దిగడమూ చేతకాక చెట్టును కావలించుకుని కేకలు పెట్టేవాణ్ని. చివరికి బాపే విసిగి, నేల మీద చేసే పనేదైనా చూసుకొమ్మన్నాడు. నేను చూసుకున్న నేల మరీ దూరమైంది. పెళ్లయిన మూడో ఏడు విమానం ఎక్కి గల్ఫ్ పోయాను.

అక్కడ మొదట రెండేళ్లు ఇటుకలు మోశాను. తరువాత మేస్త్రీ దయవల్ల జెండా పని దొరికింది. పెద్ద పెద్ద మిషన్లు తవ్వే చోట ముందు నిలబడి, ఒక చేతిలో ఎర్ర జెండా, ఒక చేతిలో పచ్చ జెండా పట్టుకుని, వెనక్కి రమ్మని, తొట్టి దించమని, ఆపమని సైగలు చేసే పని. ఇటుకల పని చేసినవాడికి అది కలెక్టర్ ఉద్యోగంతో సమానం. అయితే దాన్ని ఇంటికి ఎలా రాయాలో నాకు తెలియలేదు. అంత దూరం పోయి జెండా ఊపుతున్నానంటే మన దగ్గర రైల్వే గేటు దగ్గరే ఊపవచ్చు కదా అంటారని భయం.

అలా ఉండగా ఒక శుక్రవారం, సెలవు నాడు, జేసీబీ ఆపరేటర్ అయిన మలయాళీ మిత్రుడు నన్ను తన సీట్లో కూర్చోబెట్టి ఫోటో తీశాడు. స్టీరింగ్ మీద చెయ్యి, నల్ల కళ్లద్దాలు, వెనక ఎర్రటి ఇసుక. ఉత్తరంతో పాటు ఆ ఫోటో పంపాను, ఒక్క మాట కూడా అబద్ధం రాయలేదు. నెలన్నర తరువాత నా భార్య దగ్గరి నుంచి జవాబు వచ్చింది. ఫోటోకు అద్దం కట్టించి గోడకు పెట్టిందట, బీడీలు చుట్టడానికి వచ్చే ఆడవాళ్లందరూ చూసి, అంత పెద్ద బండిని నీ మొగుడే నడుపుతాడా అని అడిగారట, అవునని చెప్పిందట. అప్పుడే కాదని రాయవలసింది. రాద్దామని రెండుసార్లు కాగితం తీసి, రెండుసార్లూ వానల గురించి అడిగి ముగించాను. మూడో ఉత్తరానికి నేను ఆపరేటర్‌నైపోయాను. ఎనిమిదేళ్లు అలాగే ఉండిపోయాను.

తిరిగి వచ్చిన నెలకే ఇంట్లో బండి మాట మొదలైంది. తెచ్చుకున్నదంతా పెడితే ఒక్క బండి వస్తుంది. అది తప్పితే మళ్లీ విమానం ఎక్కే వయసు, ఓపిక నాకు లేవు. ఆ రోజుల్లో మా వైపు జేసీబీలు అప్పుడప్పుడే కనబడుతున్నాయి. ఒక్కటి ఊళ్లోకి వస్తే పెళ్లి ఊరేగింపు చూసినట్టు చూసేవాళ్లు. మా బాపు జేసీబీ అన్నాడు, నా భార్య జేసీబీ అంది. సిరిసిల్లలో సాంచెల మీద బట్ట నేసే మా బావమరిది బస్సెక్కి వచ్చి మరీ జేసీబీ అన్నాడు. వాళ్ల వాడలో పది ఇళ్ల పునాదులు తవ్వేది తన బావేనని అప్పటికే మాట ఇచ్చేసి, బండికి పూజ నాడు చుట్టడానికని ఒక తాను ఎర్రబట్ట కూడా పక్కన పెట్టేశాడు.

నేనొక్కడినే చిన్న ట్రాక్టర్ అన్నాను. పసుపు సాళ్ల మధ్య పెద్ద బండి దూరదని, మామిడి కొమ్మల కింద దుక్కి దున్నాలంటే పొట్టి బండే కావాలని, జేసీబీకి రోజూ తవ్వకం పని ఎక్కడ దొరుకుతుందని, పని లేని రోజు అది ఏనుగు లాగా మేస్తూ పడుకుంటుందని ఎన్నో చెప్పాను. ఇప్పుడు ఆలోచిస్తే ఒక్కటీ తప్పు మాట కాదు. కానీ అవన్నీ నా చేత భయం పలికించిన మాటలే. బావమరిది నా వంక జాలిగా చూసి, “గంత పెద్ద బండి నడిపిన చేతులతోని గా బొమ్మ బండి పడతవా బావా? సిరిసిల్లల నేను తలకాయ ఎత్తుకోని తిరగద్దా?” అన్నాడు. నా భార్య గోడ మీద ఫోటోను కొంగుతో తుడిచింది. దానితో నా వాదం అయిపోయింది.

కోరుట్ల శివారులో ఒక కాంట్రాక్టర్ తన పాత జేసీబీ అమ్ముతున్నాడని తెలిసి, నలుగురం బయలుదేరాం. పూజ బట్ట తాను బావమరిది చంకలోనే ఉంది. బేరం ఆ రోజే కుదిరిపోతుందని అతని నమ్మకం. నేను దారి పొడవునా బండికి ఏదో ఒక రోగం ఉండాలని దేవుళ్లకు మొక్కుతూ వచ్చాను. అక్కడికి పోయాక బండి చుట్టూ తిరిగి, గ్రీజు ఎక్కడ పెట్టాలో, నూనె పైపులు ఎక్కడ చీలుతాయో, తొట్టి పళ్లు ఎంత అరిగాయో అన్నీ చెప్పాను. ఎనిమిదేళ్లు ఎదురుగా నిలబడి చూసిన మనిషిని కదా, బయటి నుంచి నాకు తెలియనిది లేదు. కాంట్రాక్టర్ మెచ్చుకుని, తాళం చెవి నా చేతిలో పెట్టి, “నువ్వే ఎక్కి సూడు అన్నా. నీ అసొంటి ఆపరేటర్‌కు నేనేం చెప్పాలె” అన్నాడు.

నా భార్య కొంగు సర్దుకుని, ముందుకు వచ్చి నిలబడింది. ఎక్కక తప్పలేదు.

స్టార్ట్ చేయడం తెలుసు, చేశాను. ఆ తరువాత చేతికి అందిన మొదటి కర్ర లాగితే బండి వెనక కాళ్లు రెండూ కిందికి దిగి, నేలను తన్నుకుని, నన్ను సీటుతో సహా పైకి లేపాయి. బర్రె లేచి నిలబడ్డట్టు అయింది. అది దింపుదామని ఇంకో కర్ర లాగాను. తొట్టి పక్కకు తిరిగి, కాంట్రాక్టర్ షెడ్డు ముందర ఆరేసిన బట్టల తీగను తగులుకుని, ఆయన ఉతికి గంజి పెట్టుకున్న ఐదు తెల్ల చొక్కాలనూ మెల్లగా ఆకాశానికి ఎత్తింది. తీగ కట్టిన షెడ్డు గుంజ కూడా వాటి వెంట వంగుతోంది. బాపు పక్కకు ఉరికాడు, బావమరిది బట్ట తానుతో సహా మట్టి కుప్ప ఎక్కాడు, కాంట్రాక్టర్ రెండు చేతులూ చాచి తన చొక్కాల కింద నిలబడ్డాడు.

అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. గాభరాలో రెండు కర్రలూ వదిలేసి, సీట్లోంచి లేచి, అలవాటు కొద్దీ బండికి చేతులతో సైగలు చేయడం మొదలుపెట్టాను. దించు, ఇంకా దించు, ఆపు, ఆపు అని! బండి లోపల కూర్చున్నవాణ్ని నేనేనన్న సంగతి నాకు తట్టలేదు. అది చూసి, అప్పటిదాకా చెట్టు కింద కూర్చున్న అక్కడి ఆపరేటర్ ఉరికి వచ్చి, ఒక్క దూకులో ఎక్కి, తొట్టిని నెమ్మదిగా దింపాడు. దింపి నా మొహంలోకి చూసి, “అన్నా, నువ్వు ఆపరేటర్‌వి కాదు. జెండా మనిషివి. నేను గూడ మస్కట్‌ల చేసొచ్చిన, గీ సైగలు నాకు ఎరుకనే” అన్నాడు. చెడు ఉద్దేశంతో అనలేదు పాపం, సొంత ఊరివాడు దొరికినంత సంతోషంగా అన్నాడు.

చొక్కాలు ఏరి కాంట్రాక్టర్‌కు ఇచ్చాను. బావమరిది అటునుంచి అటే సిరిసిల్ల బస్సెక్కాడు. మా బస్సు కోసం చాయ కొట్టు దగ్గర నిలబడ్డప్పుడు బాపు నా వైపు చూడకుండా, “మోకాళ్లు పట్టుకపోయి నేను చెట్టెక్కుడు బందు జేసిన దినం, కల్లు మండువల అందరి ముందట నేనే చెప్పిన గదరా. చేతగాదంటె ఏమైతది కొడుకా? చేతగాకుంట ఎక్కితెనే పానం పోతది” అన్నాడు. నలభై ఏళ్లు తాళ్లెక్కిన మనిషి అన్న మాట అది. నేను తల దించుకుని చాయ చల్లార్చుకున్నాను.

బస్సులో నా భార్య పక్కన కూర్చున్నాను. కోరుట్ల దాటినా ఆమె కిటికీలోంచి బయటికే చూస్తోంది. తిడుతుందని కాచుకున్నాను, ఏడుస్తుందేమోనని ఇంకా ఎక్కువ కాచుకున్నాను. సగం దారిలో కిటికీ వైపు నుంచి తిరిగి, “ఇంతకు గా జెండా ఎట్ల ఊపుతరు?” అంది. మొదట నాకు అర్థం కాలేదు. “గన్ని దినాలు ఏం పని జేసినవో నాకు తెల్వద్దా? సూపియ్యి” అంది. కూర్చునే చూపించాను. ఇది రమ్మని, ఇది మెల్లగా అని. సరిగ్గా కనబడటం లేదంది. లేచి నడవలో నిలబడి, భుజం మీది తువ్వాల తీసి, రెండు చేతులూ పైకెత్తి, ఆపు అనే సైగ గట్టిగా చేశాను. డ్రైవర్ అద్దంలో చూసి ఒక్కసారి బ్రేకు వేశాడు. బస్సంతా ముందుకు పడింది, ఎవరిదో కోళ్ల గంప దొర్లింది. “ఎవలు దిగేది?” అని కండక్టర్ అరిచాడు. నా భార్య నన్ను నడవలో అలాగే నిలబెట్టి, కళ్లు పెద్దవి చేసి, “అబ్బ, నిజంగనే ఆగుతదే!” అంది. ఆ తరువాత ఇద్దరం ఊరు వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాం. ఆమె కళ్లలో నీళ్లు వచ్చాయి. అవి నవ్వుకు వచ్చినవేనా అని అప్పుడు అడగలేదు, ఇప్పటికీ అడగలేదు.

మరునాడు ఊళ్లో ఎలా తిరగాలా అని నేను ఇంట్లోనే కూర్చుంటే, బాపు కల్లు తాగే మండువకు పోయి తానే సంగతంతా చెప్పేశాడట. “మావోడు జేసీబీ నడపలే, జేసీబీనే నడిపిచ్చిండు. వాడు చెయ్యెత్తకుంటె అది కదలకపోయేది” అన్నాడట. ముందు రోజు నన్ను అంత మాటన్న మనిషేనా అని ఆశ్చర్యపోయాను. నవ్వేవాళ్లు నవ్వారు గానీ, పది రోజులకే వాళ్లకూ విసుగొచ్చింది.

చిన్న ట్రాక్టర్ జగిత్యాలలో కొన్నాం. షోరూమ్ వెనక ఖాళీ జాగాలో నడిపి చూడమంటే, ఈసారి నాకు రాదని ముందే చెప్పాను. అలా చెప్పడం ఎంత హాయిగా ఉందో! నేర్పే మనిషి గేరు వేసి చూపిస్తుంటే నాకన్నా ముందు నా భార్య ఎక్కి కూర్చుంది. బీడీలు చుట్టిన వేళ్లు కదా, ఏది ఎంత నొక్కాలో, ఎంత వదలాలో ఆమెకు తొందరగా పట్టుబడింది. నేను మూడు రోజులు నేర్చుకున్నది ఆమె ఒక్క పూటలో నేర్చుకుంది. పూజ నాటికి బావమరిది అలక మాని వచ్చాడు. జేసీబీ కొలతతో తెచ్చిన ఆ ఎర్రబట్టను చిన్న ట్రాక్టర్‌కు చుడితే స్టీరింగ్ తప్ప ఏమీ కనబడలేదు, ఘోషా వేసుకున్న కొత్త పెళ్లికూతురిలా నిలబడింది బండి.

ఆ తరువాత మా పసుపు సాళ్లలోనూ, ఊరి చుట్టుపక్కల మామిడి తోటల్లోనూ ఆ బండి ఎంత పని చేసిందో చెప్పలేను. ఎక్కువగా ఆమే నడిపేది. మొదట్లో గట్ల మీద నిలబడి నవ్విన మగవాళ్లే తరువాత మా ఇంటికి వచ్చి, “అక్క ఎప్పుడస్తది?” అని అడిగేవాళ్లు. నేను వస్తానంటే వాళ్ల మొహాలు కాస్త వాడిపోయేవి. తోటకు ఇద్దరం పోతే మొదటి చాయ ఆమెకే ఇచ్చేవాళ్లు. నా భయం ఎంచిన బండే మమ్మల్ని బతికించింది, బిడ్డ పెళ్లి చేసింది. అల్లుడికి ఆ ఆదివారం సాయంత్రమే ఫోన్ చేసి ఒక్కటే చెప్పాను. ఏది కొన్నా కొనేముందు వారం రోజులు దాని మీద పని నేర్చుకో, నేర్చుకున్నది చేతికి నచ్చితేనే కొనుక్కో అని.

బాపు పోయి చాలా ఏళ్లయింది. మా వైపు పల్లెల నుంచి ఎడారికి పోయేవాళ్లు ఇంకా పోతూనే ఉన్నారు. మా పక్కింటి ఆమె భర్త అక్కడే ఉంటాడు. రోజూ సాయంత్రం ఆమె వీడియో ఫోన్‌లో అతని గది అంతా తిప్పి చూపించమంటుంది. ఏ కూర వండాడో, గిన్నె కడిగాడో లేదో, దుప్పటి మడత పెట్టాడో లేదో అన్నీ చూస్తుంది. అతను వేసుకున్న చొక్కా జేబు మీద ఏ పని రాసి ఉందో ఊరంతటికీ తెలుసు. మంచిదే, వాళ్ల మధ్య దాచవలసింది ఏమీ లేదు. మాకు అలా లేదు, ఒకరి గురించి ఒకరం తెలుసుకోవాలంటే నెలన్నర ఎదురుచూసేవాళ్లం. ఆ నెలన్నరలో తెలియనిదంతా ఎవరికి వాళ్లం మనసులో కల్పించుకునేవాళ్లం, కల్పించుకున్నప్పుడు మంచిగానే కల్పించుకునేవాళ్లం. ఆ అలవాటు మా కాలం వాళ్లకు ఇంకా పోలేదు. మొన్న ఎవరో చుట్టాలు వస్తే, గల్ఫ్‌లో నా చేతి కింద ఎన్ని మిషన్లు నడిచేవో నా భార్య వాళ్లకు చెబుతోంది. అసలు కన్నా నాలుగు ఎక్కువే చెప్పింది. నేను లోపల పడుకుని అంతా విన్నాను గానీ, లేచి పోయి సరిదిద్దడానికి మనసు రాలేదు.