వెనక్కి చూసే ముఖం

ఘుగ్గుస్ రోడ్డు లారీలకు విసిగి, ఈ రోజు పొద్దున రాజురా అవతల అడవి పక్క చిన్న రోడ్డులో సైకిల్ తొక్కాను. గంటలో ఒక్క బండి కూడా ఎదురు రాలేదు. ఎంత హాయి అనుకుంటూ మలుపు తిరిగానో లేదో, గట్టిగా బ్రేకు నొక్కాను. ముందు ఒక ముఖం రెప్ప వేయకుండా నన్నే చూస్తూ, నాకు దూరంగా నడిచిపోతోంది!

బ్రేకు చప్పుడుకి ఆ మనిషి వెనక్కి తిరిగింది. పత్తిచేనుకు పోతున్న పెద్దమ్మ. తల వెనక బొమ్మముఖం కట్టుకుంది.

"పులి ఎనకనుంచే వస్తది బిడ్డా. ముఖం కనబడితే ఆగుతదట. నువ్వేంది, గిట్ల వంగి పోతున్నవ్? దానికి జింక లెక్క కనబడుతవ్."

తిరుగుదారంతా నిటారుగా కూర్చునే తొక్కాను. నడుం పట్టేసింది. నవ్వేవాళ్లు ఒకసారి ఆ రోడ్డులో వెళ్లొచ్చి చెప్పండి. నాకు ఘుగ్గుస్ రోడ్డే నయం. లారీ అయితే హారన్ కొట్టి మరీ వెనక నుంచి వస్తుంది.