అడిగి తీసుకోమన్న సారు

శుక్రవారం పొద్దున విరుదునగర్‌లో మా ఇంట్లో పూజ ముగించి లేస్తుంటే కోవిల్‌పట్టి నుంచి ఫోను వచ్చింది. మా కంప్యూటర్ సారు పోయారట. ఆయన పేరున ఇంకో దీపం వెలిగించి అక్కడే కూర్చుండిపోయాను.

పన్నెండో తరగతితో చదువు ఆగిన నేను నలభై దాటాక కోవిల్‌పట్టిలో ఆయన దగ్గర చేరాను. ఒకప్పుడు టైపు నేర్పిన గదినే ఆయన కంప్యూటర్ సెంటరుగా మార్చుకున్నారు. పాఠం తమిళంలో చెప్పి, నా మొహం చూసి, మా ఇళ్లలో మాట్లాడే తెలుగులో మళ్లీ చెప్పేవారు.

"అర్తమాయెనా? లేదంటే లేదను. ఊరికే తలాడించొద్దు."

ఆయన మాట మీదే ఒక చీరల వ్యాపారి నాకు పని ఇచ్చారు. మగ్గాలు అరుప్పుకోట్టైలో, ఆఫీసు మా ఊళ్లో. వాళ్ల వెబ్‌సైటులో ఆర్డర్లు రాసుకునే క్లాసు, అంటే ప్రోగ్రాంలో ఒక భాగం, సొంతంగా రాశాను. సైటును నడిపే ఫ్రేమ్‌వర్క్ దగ్గర, ఆర్డర్లు దాచే డేటాబేస్‌కు కనెక్షన్ సిద్ధంగానే ఉంది. కానీ నా క్లాసుకు అది అందలేదు. అడగడానికి సిగ్గుపడి, డేటాబేస్ చిరునామా, పాస్‌వర్డ్ నా క్లాసులోనే రాసేసి వేరే కనెక్షన్ పెట్టుకున్నాను. బాగానే నడిచింది.

కొన్నాళ్లకు డేటాబేస్‌ను కొత్త సర్వర్‌కు మార్చారు. సైటంతా కొత్తదానికి మారింది. నా క్లాసు మాత్రం మూడు రోజులు ఆర్డర్లను పాతదానిలోనే వేస్తూ పోయింది. మగ్గాలకు ఒక్క ఆర్డరూ చేరలేదు.

"సరిచేయకుంటే, అమ్మా, మీరు చీరలు మడతపెట్టే పనికే పోవాల" అన్నారు యజమాని.

ఫోను చేస్తే సారు మర్నాడు మొదటి బస్సుకే వచ్చారు. నా కోడ్ చదివి నవ్వారు. "ఏమ్మా, ఉమ్మడింట్లో ఉంటా నువ్వు మాత్రం వేరే పొయ్యి పెట్టుకోనుండావే?"

"ఇంట్లోది నాకు అందలేదు సారూ."

"అందకుంటే అడగాల. నీ క్లాసు బయటనుండి వచ్చింది, దానికి ఏదీ తనకుతానే రాదు. నడస్తా ఉండే ఫ్రేమ్‌వర్క్‌ని పిలువు. దాని దగ్గరుండే కనెక్షన్నే అడిగి తీసుకో. ఇంకోటి చేయొద్దు."

యజమానితో మాత్రం "తప్పు నాది. క్లాసు రాసేది నేర్పిస్తిని, అడిగేది నేర్పించలేదు" అన్నారు. ఆ మాటతో నాకు సాయంత్రం దాకా గడువు దొరికింది.

దేవుణ్ణి అడగడం నాకు చిన్నప్పటినుంచీ వచ్చు. మనుషుల్ని అడగడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

పాస్‌వర్డ్ లైన్లు చెరిపేసి, ఫ్రేమ్‌వర్క్‌ను పిలిచే ఒక్క లైను రాశాను. పాత సర్వర్‌లో చిక్కుకున్న ఆర్డర్లన్నీ కొత్తదానిలో చేర్చాను. యజమాని వచ్చి చూశారు.

"ఎవరు సరిచేసిరి?"

సారు నా కుర్చీ వెనక నిలబడి ఉన్నారు. పొద్దుటినుంచీ కీబోర్డు తాకలేదు. వెనక్కి కట్టుకున్న చేతులు విప్పకుండానే, గడ్డంతో నావైపు చూపించి, మళ్లీ తెర మీది ఆర్డర్లు ఒక్కొక్కటే చదువుకోసాగారు.