తేగలు, దవడ, హల్దీ పాట

మా ఇంట్లో ఏ పెళ్ళి జరిగినా హల్దీ నాడు డోలక్ నా ఒళ్ళో ఉండాల్సిందే. మగపెళ్ళివాళ్ళను ఆటపట్టించే పాట నేనెత్తుకుంటే వీధి చివరి దాకా వినపడుతుందని పేరు. రేపల్లెలో ఉండే మా అక్క కూతురు, సంబంధం ఖాయమైన రోజే ఫోన్ చేసింది. "ఖాలా, నువ్వు పాడకపోతే నేను పసుపు రాయించుకోను" అని బెదిరించింది. చిన్నప్పుడు నా కుట్టుమిషన్ పక్కన కూర్చుని ఆ పాటలన్నీ నేర్చుకున్న పిల్ల. కాదని ఎలా అంటాను?

సరిగ్గా అప్పుడే నా దవడ మొరాయించింది. తెనాలిలో నేను జాకెట్లు కుడతాను. కొన్నాళ్ళుగా ఆవలిస్తే చెవి ముందు టక్కుమనేది, పట్టించుకోలేదు. ఒకరోజు పొద్దున ఇడ్లీ తినబోతే నోరు వేలెడు కూడా తెరుచుకోలేదు.

బాపట్లలో ఉన్న అమ్మకు చెప్పగానే ఉడికించిన తేగల కట్టతో బస్సు దిగింది. "మిషన్ వాడకపోతే పట్టేయదూ? దవడా అంతేనమ్మా. బాగా నములు, అదే వదులవుతుంది" అంది. మిషన్ పేరెత్తేసరికి నాకూ నిజమే అనిపించింది. తేగను సన్నగా చీల్చి, పక్కనుంచి దూర్చి, పీచు లాగి లాగి నమిలాను. సాయంత్రానికి నొప్పి కణతకెక్కింది. ఇక పాడలేనేమోనని కూర్చుని ఏడ్చాను.

మర్నాడు అమ్మే పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళి, తేగల సంగతి కూడా చెప్పింది.

"పని ఎలా చేస్తారో చూపించండి" అందావిడ.

గాల్లోనే సూది లాగి, దారం పళ్ళతో తెంపినట్టు చూపించాను. ఆవిడ నవ్వింది.

"అదేనండి. రోజంతా దారం కొరుకుతున్నారు, మిషన్ తొక్కేటప్పుడు పళ్ళు బిగిస్తున్నారు. కీలు మధ్యలో మెత్తటి బిళ్ళ ఒకటుంటుంది, అది ముందుకు జారింది. ఇప్పుడు దానికి కావాల్సింది విశ్రాంతి. తేగలు మాత్రం వద్దండి."

అమ్మ మిగిలిన తేగలు సంచీలోంచి తీసి డాక్టరమ్మ చేతిలో పెట్టేసింది.

ఇక మొదలైంది నా తపస్సు. జావ, పెరుగన్నం, వేడిగుడ్డ కాపడం. పడుకునేటప్పుడు పళ్ళకు తొడుగు. నొప్పి తగ్గాక నాలుక కొన అంగిటికి ఆనించి, అద్దం ముందు నెమ్మదిగా నోరు తెరిచి మూయడం. ఆవలింత వస్తే నోరు మరీ తెరుచుకోకుండా గడ్డం కింద పిడికిలి. మెడలో కత్తెర వేలాడదీసుకున్నా, దారం కనపడితే పళ్ళు ముందుకు దూకేవి. అమ్మ ఎదురుగా కూర్చుని "కత్తెర!" అని కేకేసేది.

హల్దీ నాటికి నోరు బాగానే తెరుచుకుంది గానీ, గొంతెత్తి అరవడానికి డాక్టరమ్మ ఒప్పుకోలేదు. మెల్లగానే పాట ఎత్తుకున్నాను. వినపడక ఆడవాళ్ళు కబుర్లు ఆపి దగ్గరికి జరిగారు. ఇన్నేళ్ళూ నా కేకల్లో కొట్టుకుపోయిన మాటలు మొదటిసారి అందరికీ అర్థమయ్యాయి. పెళ్ళికొడుకు మీసానికి మీగడ అంటిందన్న చరణం దగ్గర వాళ్ళ మేనత్త లేచి నిలబడింది.

"ఏంటండీ, పాటంతా మావాణ్ణి తిట్టడమేనా?"

తల దించుకుని కూర్చోవాల్సిన పెళ్ళికూతురు, పసుపు ముఖంతో పకపకా నవ్వింది. తర్వాత మేనత్త కూడా ఆగలేకపోయింది. నేను డోలక్ పక్కన పెట్టి, గడ్డం కింద పిడికిలి పెట్టుకుని, డాక్టరమ్మ చెప్పినంత మేరకే నోరు తెరిచి నవ్వాను.