మా ల్యాబులో మొండికేసిన కంప్యూటరు

స్క్రూడ్రైవరు చేతిలో ఉంటే నాకు భయమనేది తెలియదు. ఇంట్లో మిక్సీ, హాస్టల్లో ఇస్త్రీపెట్టె, స్నేహితురాళ్ళ ల్యాప్‌టాపులు, ఏది ఆగిపోయినా నా దగ్గరికే వచ్చేది. అందుకే యూనివర్సిటీలో భూగోళశాస్త్రం పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు, ల్యాబుకు కొత్త కంప్యూటరు కొనాలని మా గైడు అనగానే నా నోరు ఊరుకోలేదు. "రెడీమేడ్‌ది ఎందుకు సార్, పార్టులు తెప్పియ్యండి, నేను బిగిస్త" అనేశాను.

సారుది కడప. మాట మెత్తగానే ఉంటుంది గాని షరతు గట్టిగా పెడతారు. "బిగిస్తే బిగించు. శుక్రవారం మూడింటికల్లా అది ఆన్ అయ్యిండాల. కాకుంటే అన్నీ వాపసు పంపి, రెడీమేడ్ దానికి ఫైలు పెడతా. ఇంక మన స్కాలర్లు ఎవరూ మిషన్ల జోలికి పోగూడదు" అన్నారు. ఆ ఫైలు కదిలి వచ్చేలోపు నా ఫెలోషిప్పే ముగిసిపోతుంది. నల్గొండ వైపు పత్తి చేల మీద ఉపగ్రహం తీసిన బొమ్మలు నా దగ్గర వందల కొద్దీ ఉన్నాయి. పాత మిషను ఒక్కో బొమ్మకు ఒక పూట తినేది. ఈ కొత్తది లేస్తే తప్ప నా ఆఖరి చాప్టరు లేవదు.

మంగళవారం పొద్దున్నే లాలాపేట్‌లోని నా గది నుంచి బయల్దేరి, తార్నాకలో బస్సు దిగి, అందరికంటే ముందే ల్యాబు చేరాను. షాపు నుంచి వచ్చిన అట్టపెట్టెలన్నీ విప్పి పార్టులను పెద్ద బల్ల మీద వరసగా పరిచాను. కడుపులో ఏదైనా పడితే గాని చెయ్యి ఆడదని క్యాంటీనుకు పోయి ఇడ్లీ తినొచ్చాను. ఆ తర్వాత రెండు గంటల్లో బిగించేశాను. ఒక్క వైరు కూడా వంకరగా లేదు. తోటి స్కాలర్లందరినీ పిలిచి మరీ స్విచ్ నొక్కాను. ఫ్యాన్లు తిరిగాయి, రంగు లైట్లు వెలిగాయి. తెర మాత్రం నల్లగా అట్లాగే ఉంది.

"డెకరేషన్ మస్తున్నది అక్కా, పెండ్లెప్పుడు?" అన్నదొక జూనియర్. దాని వైపు ఒక చూపు చూసి మళ్ళీ స్క్రూడ్రైవరు అందుకున్నాను.

నేనేం తగ్గలేదు. మానిటరు కేబుల్ మార్చాను. పాత మానిటరు తెచ్చి తగిలించాను. కరెంటు ప్లగ్గులన్నీ పీకి మళ్ళీ గట్టిగా నొక్కాను. పార్టులన్నీ కూర్చునే మదర్‌బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ తీసి, కాసేపాగి పెట్టాను. అయినా ర్యాములు గుచ్చే చోటి పక్కన ఒక చిన్న ఎర్రలైటు ఆరకుండా వెలుగుతూనే ఉంది. అంటే తకరారు అక్కడే ఉందని బోర్డే చెబుతోంది. ర్యాములంటే అరచేతిలో పట్టేంత సన్నటి పలకలు, రెండు తెప్పించాం. ఒకటి తీసేసి రెండోదానితో చూశాను, తర్వాత అటుదిటు చేసి చూశాను. ఏది పెట్టినా అంతే. కొత్త ర్యాములు రెండూ ఒకేసారి చెడిపోవు కదా, కాబట్టి చెడింది బోర్డే. ఇక నా తర్కానికి తిరుగు లేదనుకున్నాను.

షాపుకు ఫోన్ చేసి కడిగేశాను. అతను పాపం ఓపిగ్గానే విన్నాడు. "బోర్డు చెక్ చేసే ఇచ్చినం మేడమ్. ర్యాములను జర రబ్బరుతోని రుద్ది చూడుండ్రి" అన్నాడు. నిన్నగాక మొన్న కొన్నవాటిని రుద్దడమేంటని ఫోన్ పెట్టేశాను.

బుధ, గురువారాలు పోలీసు ఉద్యోగం చేశాను. స్కాలర్లు ఏడుగురినీ ఒక్కొక్కరినే నిలబెట్టి, నేను క్యాంటీనులో ఉన్నప్పుడు ఎవరు ముట్టుకున్నారో చెప్పమన్నాను. ఒకమ్మాయి వాళ్ళమ్మ మీద ఒట్టేసింది. మిగతావాళ్ళు నన్ను చూస్తే పక్క వరండాలోంచి పోవడం మొదలుపెట్టారు.

శుక్రవారం ఒంటిగంటకు, వాపసు పంపడానికి పార్టులు విప్పుతున్నాను. ర్యామును కవరులో పెట్టబోతూ ఎందుకో కిటికీ వెలుగులో తిప్పి చూశాను. దాని అంచున బంగారు రంగులో సన్నటి పళ్ళ వరస ఉంటుంది. ఆ వరసలో ఒకచోట మెరుపు లేదు. గోటితో గీకితే పొడి రాలింది. వాసన చూశాను. పసుపు! రెండోదాని మీదా అంతే. బంగారు రంగు మీద పసుపు, మూడు రోజులు నా కళ్ళ ముందే ఉండి కనబడలేదు.

జూనియర్ దగ్గర పెన్సిలు రబ్బరు లాక్కుని రెండింటినీ మెల్లగా రుద్దాను. తెల్ల రబ్బరు పచ్చబడింది. ర్యాములు గుచ్చే గాడిని పొడి బ్రష్షుతో దులిపి, టక్కుమనేదాకా నొక్కి, స్విచ్ వేశాను. కాసేపటికి తెర మీద తెల్ల అక్షరాలు వచ్చాయి. నేను పెట్టిన కేకకు వరండాలో వాళ్ళంతా పరుగెత్తుకొచ్చారు. రబ్బరు మాట చెప్పిన షాపతనికి ఫోన్ చేసే ధైర్యం మాత్రం సోమవారానికి గాని రాలేదు.

మూడింటికి సారు వచ్చి తెర చూశారు. "భలే. వచ్చే నెల ఇంకో రెండు మిషన్లొస్తాయి, అవీ నువ్వే చెయ్యి. ఇంతకీ తప్పు యాడుండింది?"

"ఎవరో ర్యాములకు పసుపు పూసిన్రు సార్" అన్నాను, దొంగను పట్టేసినంత దర్జాగా.

"నేనే సార్" అన్న మాట తలుపు దగ్గర నుంచి వచ్చింది. చాయ్ ట్రే పట్టుకుని మా డిపార్టుమెంటు అటెండరమ్మ నిలబడి ఉంది. మాణికేశ్వర్ నగర్ నుంచి నడిచొచ్చి రోజూ మా గదుల తాళాలు తీసేది ఆమే. "కొత్త మిషను గద సార్. పసుపు లేకుంట ఎట్ల మొదలువెడ్తరు? ఈ బిడ్డ టిఫిన్‌కు పోయింది, నేనే జరంత పెట్టిన."

"పైన డబ్బాకు పెట్టింటే సరిపోయుండు గదమ్మా" అన్నారు సారు.

"డబ్బాకు పెడితే తుడిచేస్తది సార్. నిరుడు ప్రింటర్‌కు పెడితే నా ముంగటనే తుడిచింది. అందుకే కనవడకుండ, అచ్చరాల మీద పడకుండ, గా బంగారం లెక్క మెరిసేకాడ పెట్టిన."

నిజమే, తుడిచాను. టిష్యూ కాగితంతో తుడిచి చెత్తబుట్టలో వేశాను.

"మూడు దినాల సంది తల పలగ్గొట్టుకుంటున్న గదమ్మా, ఒక్క మాట చెప్పకపోతివి?"

"చెడిపోయింది పసుపుతోనని నాకేం ఎరుక? నువ్వు అందర్నీ అడిగినవ్ బిడ్డా, ఎవరు ముట్టుకున్నరని. నన్ను అడగలే."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. ఆ మూడు రోజులూ పూటకోసారి నా మోచేతి పక్కన చాయ్ పెట్టింది ఆమే. గదిలో ఏడుగురున్నారని లెక్కపెట్టుకున్నాను. ఎనిమిదో మనిషి ఉందన్న ఆలోచనే రాలేదు నాకు. నా చదువంతా ఏమైందని సిగ్గేసింది.

సారు ఆమె వైపే చూస్తున్నారు. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. "ర్యాములు విప్పి బల్ల మీద పడేసి పోయింది నేను సార్. తప్పు నాదే" అన్నాను. ఆయన ఒక కప్పు తీసుకుని, "సరేలే. వచ్చే నెల మూత పెట్టి పో" అని వెళ్ళిపోయారు.

"తప్పయిందమ్మా" అన్నాను, ఆమె చెయ్యి పట్టుకుని.

ఆమె చెయ్యి విడిపించుకుని కప్పు నా ముందు పెట్టింది. "సల్లారుతది, తాగు" అన్నది.