మందు వెయ్యని ట్యూబు

సుకన్యకు తన చేతి మీద నమ్మకం ఎక్కువ. హైదరాబాదులో ఆమె పనిచేసే ల్యాబులో ఈ సంగతి అందరికీ తెలుసు, కొందరికి గిట్టదు కూడా. త్రిపురారంలో కాలువ కింద వరి పండించే ఇంట్లో పుట్టి, మిర్యాలగూడలో ఇంటర్ చదివి, పీహెచ్‌డీ దాకా ఎక్కడా తడబడని మనిషి. ఇప్పుడు పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన, పోస్ట్‌డాక్, రెండో ఏడు. పనిలో తేడా వస్తే ముందు మిషన్ను అనుమానిస్తుంది, తేలకపోతే పక్క బల్లవాళ్లను. తనను తాను అనుమానించుకునే అలవాటు ఆమెకు ఇంకా కాలేదు.

ఆమె పని తలసేమియా అనే పుట్టుకతో వచ్చే రక్తజబ్బు మీద. జన్యువులో ఉన్న సమాచారానికి ఎంఆర్‌ఎన్‌ఏ అనే నకలు తయారవుతుంది. కణం ఆ నకలును మూడేసి అక్షరాల చొప్పున చదువుకుంటూ ప్రోటీన్ అల్లుతుంది. సూర్యాపేటలో ఉండే తొమ్మిదేళ్ల సంతోషికి ఆ నకలులో ఒక్క అక్షరం మారింది. మారి, సగం దారిలోనే ‘ఇక ఆపు’ అంటోంది. కణం పాపం చెప్పినట్టు వింటుంది, అల్లిక అక్కడితో ఆపేస్తుంది. సగం ప్రోటీనుతో రక్తం నిలవదు. అందుకే ఆ పిల్లకు ఏడాది నిండకముందు నుంచీ నాలుగు వారాలకోసారి దవాఖానలో రక్తం ఎక్కిస్తున్నారు.

సుకన్య దగ్గర ఒక మందు ఉంది. మనుషులకు ఇచ్చేది కాదు, ఇంకా ట్యూబులోనే దాని కథంతా. ఆ తప్పుడు ‘ఆపు’ను కణం దాటిపోయేలా చేస్తుందని ఆశ. కోదాడ, మిర్యాలగూడ, సూర్యాపేటల నుంచి ముగ్గురు పిల్లల రక్తం ఐసుపెట్టెలో పెట్టుకొని బస్సులో తనే తెచ్చింది. మందుకు సరిపడే రకం ‘ఆపు’ ఉన్నది మాత్రం సంతోషికే. మిగతా ఇద్దరివి పోల్చి చూడటానికి.

ఫలితం వచ్చిన రోజు ల్యాబంతా ఆమె బల్ల చుట్టూ మూగింది. సంతోషి రక్తంలోని లేత కణాలకు మందు వేస్తే, పరీక్ష ఫిల్ము మీద పూర్తి ప్రోటీన్ ఉండాల్సిన చోట నల్లటి గీత, కాటుక దిద్దినంత లావున! సుకన్య గాల్లో తేలిపోయింది. తర్వాత పక్కకు చూసింది. మందు వెయ్యని ట్యూబుకూ అంతే గీత.

వెయ్యకపోయినా వచ్చిందంటే, ఇక మందు గొప్పేముంది?

“ఏదో కలిసి ఉంటది. ఆ శాంపిల్ తీసేసి ముందుకు పో,” అన్నాడు పక్క బల్ల రాజ్‌కుమార్.

తీసేస్తే ఇన్నాళ్ల పని గాలికి పోతుంది, సంతోషి కూడా ఈ పరిశోధనలోంచి పోతుంది. “నా చెయ్యి తప్పు చెయ్యలే. తేడా ఆ రక్తంలనే ఉంది,” అంది సుకన్య. మర్నాడే సూర్యాపేట బస్సెక్కింది.

సంతోషి నాయనమ్మ ఐలమ్మ చాప పరిచి, చాయ్ చేతికిచ్చింది.

“అవ్వా, నేను రక్తం తీస్కపోయిన నాటికి, పిల్లకు ఆఖరుసారి ఎప్పుడు ఎక్కిచ్చిన్రు?”

ఐలమ్మ తన కోడలు, సంతోషి తల్లి లత వైపు చూసింది. లత తల దించుకుంది.

“రెండు దినాల ముందే, మేడం,” అంది ఐలమ్మ.

“నాలుగు వారాలు కాకముందే? ఎందుకు?”

“నువ్వొస్తున్నవని. పిల్ల పాలిపోయి ఉండె. నిరుడు ఒక హాస్టల్‌కు తీస్కపోతే, గిట్లున్న పిల్లను మేం సూసుకోలేమని వాపస్ పంపిన్రు. నువ్వు గూడ పేరు కొట్టేస్తవేమోనని ముందుగాల్నే ఎక్కిపిచ్చినం. జర ఎర్రగ, మంచిగ కనిపియ్యాలె గదా.”

ట్యూబులో ఉన్నది ఎవరో దాత రక్తమన్నమాట. దాని లేత కణాల్లో పూర్తి ప్రోటీన్ మామూలుగానే ఉంటుంది, నాలుగు వారాలు ఆగి ఉంటే అవి మిగిలేవి కావు. సుకన్యకు కోపం రాలేదు, సిగ్గేసింది. ఫారంలో ‘చివరిసారి ఎక్కించిన తేదీ’ అని ఒక గడి ఉంటుంది. కోదాడలో అడిగి రాసింది. ఇక్కడ మాత్రం గోడకున్న దవాఖాన కార్డులో రాబోయే తేదీ చూసి, నాలుగు వారాలు వెనక్కి లెక్కేసి, తనే రాసేసింది.

“తప్పు నాదే అవ్వా. మనోళ్లే గదా, నాకు తెల్వదా అనుకొని అడగలే. పేరు ఎవ్వరు కొట్టెయ్యరు. ఈసారి ఎక్కిచ్చే నాడు పొద్దుగాల్నే వస్త. పిల్ల పాలిపోయి ఉన్నప్పుడే నాకు పని.”

ఐలమ్మ పూర్తిగా నమ్మినట్టు లేదు. అన్న రోజున సుకన్య గుమ్మంలో అడుగుపెట్టేసరికి పౌడరు డబ్బా తీసింది గానీ, లత లాగేసుకుంది. సంతోషి పాలిపోయిన మొహంతోనే కూర్చుని, అలవాటైన చెయ్యి చాపింది.

వారం తర్వాత ఫలితం వచ్చింది. మందు వెయ్యని ట్యూబుకు గీతే లేదు. వేసిన ట్యూబుకు ఉంది, సన్నగా, కళ్లు చికిలిస్తే కనబడేంత. మళ్లీ చేసింది, మళ్లీ అదే. ల్యాబు పెద్ద ప్రొఫెసర్ ప్రభాకర్‌కు చెప్పకముందే సూర్యాపేటకు ఫోన్ చేసింది.

“అంటే మందు దొరికినట్టేనా?” అంది ఐలమ్మ.

“లేదవ్వా. ఇంకా శానా ఏండ్లు పడుతది. దొరుకుతదని మాట గూడ ఇయ్యలేను. గని ట్యూబుల పిల్ల కణం ఆగకుండ ముందుకు పోయింది. జరంత.”

“ఈసారి గూడ ఎవలిదో రక్తం కాదు గదా?”

“కాదు. సంతోషిదే.”

సుకన్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు.

“మందు సంగతి తర్వాత,” అంది ఐలమ్మ. “తొమ్మిదేండ్ల సంది ఎవలెవలిదో ఎక్కిస్తనే ఉన్నం. దాని సొంతది జరంతనన్న నువ్వు కండ్లార సూసినవ్. ఇయ్యాలటికి గది సాలు బిడ్డా.”